మొదటి ఆదివారానికి ఎనిమిదో మనిషి

సన్నీవేల్ నివాసి, ఇరవై తొమ్మిదేళ్ళ నమ్రత అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఏమనగా: నా తలలో కుడివైపు నిమ్మకాయంత కణితి ఉంది. బుద్ధి స్థిరంగా ఉంది. ఈ రెండు సంగతులూ డాక్టర్ రాసిచ్చిన కాగితంలో ఉన్నాయి, వెనక జతపరిచాను. గురువారం ఆపరేషన్. బతుకుతానా అని అడిగితే ఆవిడ శాతాల్లో జవాబు చెప్పింది. నేను టెస్టింగ్ ఇంజినీర్ని. అంత శాతంతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని నేనైతే రిలీజ్ కానివ్వను.

బ్యాంకు, ఇన్సూరెన్స్, నగల విషయం అమ్మానాన్నల పేర వేరే వీలునామాలో రాశాను. ఇది దాన్ని రద్దు చేయదు. ఈ కాగితం మా లాన్ బౌలింగ్ క్లబ్‌కి సంబంధించినంతవరకే.

1. దీన్ని అమలుచేసే బాధ్యత దివాకర్ అంకుల్‌ది. రెండేళ్ళ కిందట నా ఉద్యోగం పోయింది. వీసా ప్రకారం అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. ఇంట్లో కూర్చోలేక వీధులన్నీ తిరుగుతుంటే, ఒక కంచె వెనక తెల్లబట్టల్లో ముసలివాళ్ళు పచ్చిక మీద నల్లబంతులు దొర్లిస్తూ కనిపించారు. వాళ్ళలో ఉన్న దివాకర్ అంకుల్ నన్ను చూసి, "ఏమ్మా, లేఆఫా? మంగళవారం పదకొండింటికి ఇటొచ్చేది రిటైరైనవాళ్ళు, లేకపోతే లేఆఫైనవాళ్ళు. రా, ఓ బంతి వెయ్యి," అన్నారు. నా జన్మలో అంత తేలికైన ఇంటర్వ్యూ లేదు. ఉద్యోగం యాభై ఏడో రోజున వచ్చింది. అంకుల్, మీరు అందరితో మెత్తగా మాట్లాడతారు. ఈ ఒక్కసారికి వద్దు.

2. కాపాడవలసిన ఆస్తి నాది కాదు. 1936లో ఒక ఆప్రికాట్ తోటల యజమాని, తన ఫ్యాక్టరీలో పండ్లు డబ్బాల్లో నింపే పనివాళ్ళు ఆదివారాలు ఆడుకోవడానికి ఈ పచ్చిక ఇచ్చాడు. షరతు ఒకటే. ఏటా అక్టోబర్ మొదటి ఆదివారం ఎనిమిది మంది పూర్తి ఆట ఆడాలి. ఏ సంవత్సరం ఎనిమిది మంది లేకపోతే ఆ సంవత్సరం నేల వారసులకి తిరిగిపోతుంది. ఇప్పటి వారసుడు ఆయన మనవడు. ఏటా మడతకుర్చీ వేసుకుని తలలు లెక్కపెడతాడు. మర్యాదస్తుడే, మేమిచ్చిన నిమ్మరసం తాగుతాడు. ఈసారి బిల్డర్ని కూడా తీసుకొస్తానని ముందే చెప్పాడు.

పోయినేడాది ఎనిమిది మందిమి. ఇప్పుడు ఉన్నది ఆరుగురం. నేను పోతే ఐదుగురు. ఇండియన్ స్టోర్‌లో, గుడి నోటీసు బోర్డు మీద కాగితాలు అంటించాను. పద్నాలుగు మంది వస్తామన్నారు. ఒకమ్మాయి వచ్చింది, పచ్చిక మీద ఫోటో దిగి వెళ్ళింది. అందువల్ల, ఇక వేరే దారిలేక, ఈ కింది కానుకలన్నీ షరతులతో ఇస్తున్నాను. బతిమాలడం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

3. నాలుగేళ్ళు నాతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న మనీషాకి: క్లబ్ మినిట్స్, అంటే పాత సమావేశాల రాతలన్నీ చదివి నేను తెలుగులో రాసుకున్న మూడు నోటుపుస్తకాలు, అడుగు చదునుగా ఉండే నా తెల్లబూట్లు. సైజు మనిద్దరిదీ ఒకటే. అడక్కుండా నా చెప్పులు వేసుకెళ్ళేదానివి కదా, ఇవి అడక్కుండానే ఇస్తున్నాను. ఒక్కసారి వచ్చి, "ముసలాళ్ళ గోళీకాయలే ఇవి," అన్నావు. బంతికి ఒకపక్క బరువెక్కువ, అటే వంపు తిరుగుతుందని చెబితే వినలేదు. తిప్పి పట్టుకుని వేసి పక్కవాళ్ళ ఆటలోకి పంపి, పగలబడి నవ్వావు. రెండేళ్ళు ఆ నవ్వు మర్చిపోలేదు నేను. కణితి సంగతి చెప్పినరోజు నువ్వు ఇంట్లో గిన్నెలన్నీ తోమావు, తోమినవి కూడా. అప్పుడు కోపమొచ్చింది. ఇప్పుడు అది తలచుకునే నిద్రపోతున్నాను.

షరతు: అక్టోబర్ ఐదున ఆ బూట్లు వేసుకుని వచ్చి ఆడాలి. నువ్వు ఆరో మనిషివి.

4. పెళ్ళిదాకా వచ్చి ఆగిన జితేందర్‌కి: జాక్ అనే చిన్న తెల్లబంతికి ఎవరి బంతి దగ్గరగా ఆగిందో కొలిచే ఇత్తడి టేపు. "నాకు జర స్పేస్ గావాలె నమ్రతా," అన్నావు, స్కానింగ్ అయిన వారానికి. ఎంత కావాలో కొలుచుకో. క్షమించాననుకోవద్దు. నీ చెయ్యి మెత్తన. మొదటిరోజే జాక్‌కి జానెడు దూరంలో బంతి ఆపావు, నాకది ఈనాటికీ చేతకాలేదు. అందుకే పిలుస్తున్నాను, ఇంకెందుకూ కాదు. చివరి రెండు మాటలూ కొట్టేయాలనిపించింది గానీ, వీలునామాలో కొట్టివేతలుంటే చెల్లదంటారు. అలాగే ఉంచుతున్నాను.

షరతు: పైదే, బూట్లు మినహా. నువ్వు ఏడో మనిషివి.

5. మా క్లబ్ పెద్దావిడ హ్యారియెట్‌కి: ఫ్రిజ్‌లో ఉన్న ఆవకాయ జాడీ. ఎనభై ఆరేళ్ళ మనిషి, బిస్కట్ మీద రాసుకుని తింటుంది. దివాకర్ అంకుల్ వారానికి ఒక చెంచా మాత్రమే ఇవ్వాలి. ఆవిడ బతిమాలుతుంది, కరగవద్దు.

6. నా బంతుల జత ఇప్పుడే ఎవరికీ ఇవ్వడం లేదు. మా క్లబ్‌లో కొత్త బంతులు కొనరు. పోయినవాళ్ళవి వచ్చినవాళ్ళకి ఇస్తారు. నాకొచ్చినవి ఎమీ ఓడా అనే ఆవిడవి, వాటి మీద చెక్కిన ఆవిడ పేరులోని అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. 1942లో, యుద్ధకాలంలో, అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్నవాళ్ళని ముళ్ళకంచెల శిబిరాలకి పంపినప్పుడు ఆవిడా, భర్తా వెళ్ళిపోయారు. మరుసటి అక్టోబర్‌లో పచ్చిక మీద ఆరుగురే మిగిలారు. అప్పటి సెక్రటరీ హ్యారియెట్ వాళ్ళమ్మ. ఆవిడ ఓడా దంపతుల పేర్లు కొట్టేయలేదు. వాళ్ళ బంతులు బయటికి తీసి, వంతు వచ్చినప్పుడల్లా మిగతావాళ్ళ చేత వేయించింది. తోటల యజమాని కుర్చీలోంచి, ఈ ఇద్దరూ ఏరని అడిగాడట. మినిట్స్ పుస్తకంలో ఆవిడ జవాబు ఉంది: "ఊళ్ళో లేరు. బంతులున్నాయి." కింద ఆయన సంతకం ఉంది. మూడు శరత్కాలాల తర్వాత ఎమీ తిరిగొచ్చేసరికి ఆవిడ పేరు పట్టికలోనే ఉంది, బంతులకి నూనె రాసి ఉంది.

కాబట్టి అక్టోబర్ ఐదున నా బంతులు పచ్చిక మీద పెట్టాలి. నా వంతు మనీషా ఒకసారి, జితేందర్ ఒకసారి వేయాలి. గురువారం గట్టెక్కినా ఆ రోజుకి మంచం దిగలేను కనుక, నేను ఉన్నా లేకపోయినా ఇదే ఆదేశం. మనవడికి ఆ పేజీ చూపించాలి. ఓడా దంపతులు అప్పటికి బతికే ఉన్నారు కదా అని అతను అడగవచ్చు. అది నిజమే. వాళ్ళ తాత సంతకం మాత్రం ఉంది.

ఆట ముగిసేదాకా నా పేరు కొట్టేయవద్దు. పక్కన ఆసుపత్రి అని గానీ, మరొకటి గానీ రాయవద్దు. ఊళ్ళో లేదు, బంతులున్నాయి అని రాయండి. ఎనిమిదో మనిషిని నేను.

సన్నీవేల్, 2025 సెప్టెంబర్ 14, ఆదివారం.

(సంతకం) నమ్రత

ఈ కాగితం వల్ల ఏ కానుకా పొందని సాక్షులు:
నాగమల్లేశ్వరి, పక్క అపార్ట్‌మెంట్
నీల్, క్లబ్ సభ్యుడు, అక్టోబర్ ఐదున వస్తాడు