అవ్వ చేసిన సవరణ

మహారాజశ్రీ తాతకు,

పలక కార్మికుల బిల్లు మీద అభిప్రాయాలు అడగడానికి శాసనసభ కమిటీ నిన్న మార్కాపురం వచ్చింది. బిల్లు ప్రకారం కార్మికుడంటే గనిలో దిగేవాడే. ఇంట్లో ముప్పై ఏళ్లు పలకలు నున్నగా రుద్దిన మన అవ్వ లేచి నిలబడింది.

"మా ఇంటాయన గనిలో దిగినాడు, నేను ఇంట్లో రుద్దినా. మరి నేనేంది సారూ, చుట్టపుచూపుగా వచ్చినానా?"

సభ్యులు నవ్వారు. అధ్యక్షుడు మాత్రం "ఇంటి దగ్గర పలకలు రుద్దేవారు కూడా" అని అక్కడికక్కడే బిల్లులో చేర్పించాడు.

"మా ఆమె ఇంట్లో ఖాళీగానే ఉంటది" అని ఊరంతా చెప్పేవాడివి కదా. అవ్వ ఇంటికొచ్చి నీ ఫోటో ముందు నిలబడింది.

"విన్నావా, నాది గూడా పనే అంట."

కాసేపు ఆగి చూశాం. నీ నుంచి అభ్యంతరమేమీ రాలేదు. కనుక సవరణ మన ఇంట్లోనూ ఏకగ్రీవంగా ఆమోదం పొందిందని మనవి.