డాన్సు బొమ్మకి ఏనుగు చీటీ

అంతోని బావకి, కొండపల్లి నుంచి పట్టరాని ఆనందంతో రాస్తున్నాను.

మా అమ్మాయి దీవెన పెట్టిన బొమ్మల కంపెనీకి బెంగళూరు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. "బొమ్మకి ఆధార్ కార్డేంటి బావా, మీ పిల్లకి పిచ్చి పట్టింది" అని పెళ్లిలో నలుగురి ముందూ నవ్విన పెద్దమనిషివి కాబట్టి ముందు నీకే చెబుతున్నాను.

దీవెన ప్రతి బొమ్మ కిందా ఒక చీటీ అంటిస్తుంది. ఫోను పెడితే ఆ కర్ర ఎక్కడిది, ఎవరు చెక్కారు, పాతబడి తిరిగొస్తే ఎవరు రంగేసి మళ్లీ అమ్మారు, అన్నీ కనిపిస్తాయి. దాన్నే బ్లాక్‌చెయిన్ అంటారట.

నువ్వేమో ఒక అంబారీ ఏనుగు చీటీని జిరాక్సు తీయించి, విజయవాడలో నీ కొట్లో నాసిరకం బొమ్మలన్నిటికీ అంటించావు. డాన్సు బొమ్మ కొన్నావిడ "ఫోన్లో ఏనుగని వస్తోందేంటండీ" అంటే, "చిన్నప్పటి ఫొటో అమ్మా" అన్నావట. ఆ తెలివి నీకే చెల్లింది. ఒకే చీటీ అన్ని బొమ్మల మీదా కనబడేసరికి దీవెన బ్లాక్‌చెయిన్ నీ నకిలీని పట్టేసిందనే బెంగళూరు వాళ్లకి నమ్మకం కుదిరింది, అందుకు నీకు వందనాలు.

ఆ బ్లాక్‌చెయిన్‌లో నీ కొట్టు పేరు పక్కన పడ్డ 'నకిలీ' మాట తీయించమని అడిగావు. అందులో రాసింది దీవెన కూడా చెరపలేదు బావా. మేనమామ అని మొహమాటపడటం దానికి తెలియదు.

కింద ఇంకో మాట మాత్రం చేర్చవచ్చట. ఆ బొమ్మలన్నీ వెనక్కి తీసుకుని కొన్నవాళ్ల డబ్బు ఇచ్చేస్తే, అదీ రాస్తుంది. అదీ చెరగదు. ఆ మాట ఎప్పుడు పడుతుందా అని మీ చెల్లెలు రోజూ ఫోను చూస్తోంది.

నీ బావ