కందూరు నాటి కొలతలు

జిల్లా సామాజిక అంతరాల కొలత విభాగం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

వినుకొండ దగ్గర పీరయ్యపాలెం గ్రామం, దూదేకుల వీధి కాపురస్తుడు, పరుపులు, దిండ్లు కుట్టుకొని జీవించు దూదేకుల ఇమాం హుస్సేన్ వ్రాసుకొను అర్జీ.

తేది: 14-6-2007

విషయం: మా వీధి ఆరోగ్యవంతమైనదిగాను, చదువుకున్నదిగాను, కలిగినదిగాను తేలినందున నా భార్యకు ఊపిరాడకపోవుట గురించి.

అయ్యా,

పై విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా, ఏ కులంవారి ఆరోగ్యం, చదువు, రాబడి ఎలా ఉన్నవో వీధుల వారీగా కొలిచి, దిగువనున్న వారికి ముందు సాయం చేయుటకై తమ విభాగం సర్వే జరిపించినది. ఉద్దేశం మంచిదే. కొలిచిన తీరు తలుచుకుంటే మాత్రం రోత పుడుతోంది. ఇలాంటి మాటలు అర్జీలో ఉండకూడదని తాలూకా సెంటర్లో అర్జీలు రాసేవాళ్లు అంటారు. అందుకే దీన్ని నేనే రాసుకున్నాను.

1. సర్వే బృందం ఫిబ్రవరిలో మా వీధికి వచ్చిన రోజు మా దర్గాలో కందూరు. వీధంతా చందాలు వేసుకొని, పొట్టేళ్లు కోసి, పీరు పేరు మీద వండి, వచ్చినవారికల్లా కులం అడగకుండా వడ్డించే రోజు ఏడాదికి అదొక్కటే. ఆ రోజు మాలో ఒక కట్టుబాటు ఉన్నది. ఇంట్లో ఎంత లోటున్నా నోటితో అనకూడదు. పీరు పెట్టిన అన్నం ముందు కూర్చొని ఏడుపు మాటలు మాట్లాడితే ఆయన్ని నిష్ఠూరమాడినట్టే. మొగుడూ పెళ్లాల తగువులు కూడా మర్నాటికి వాయిదా వేసుకుంటాము.

2. బృందానికి పెద్ద లక్ష్మీకాంత్ గారు చదువుకున్నవారు, మర్యాదస్తులు. కుర్చీ వేస్తే కూర్చున్నారు, పెడితే తిన్నారు. అందులో తప్పు లేదు. తింటూ తింటూనే ప్రశ్నలు మొదలుపెట్టారు. వారానికి ఎన్నిసార్లు మాంసం తింటారని అడిగితే, ఎదురుగా విస్తట్లో ముక్కలు కనబడుతూనే ఉన్నాయి గదా, మా వీధి పెద్ద అలీ సాహెబ్ గడ్డం నిమురుకుంటూ, "పీరు దయ. దేనికీ లోటు లేదు బాబూ" అన్నాడు. అది మొదలు ప్రతి ఇంట్లోనూ అదే జవాబు. జబ్బులేమైనా ఉన్నాయా అంటే పీరు చల్లగా చూస్తున్నాడు. పిల్లలు బడికి పోతున్నారా అంటే పోతున్నారు. వాళ్ల పేర్లు హాజరుపట్టీలో ఉన్న మాట నిజమే. ఆ పేర్లుగల పిల్లలు ఆ నెలంతా మిరపకోతల్లో ఉన్న మాట కూడా నిజమే.

రాబడి అడిగితే ఆడవాళ్లు కోతలనాటి కూలి చెప్పారు. దాన్ని తమవారు ఏడాది పొడుగునా గుణించుకున్నారు. పనుల్లేక మేము పస్తులుండే రోజులకు కూడా కూలి కట్టిన ధర్మప్రభువు ఇంతవరకు ఏ ఆసామీ లేడు. తమ విభాగమే.

3. నా భార్య మదార్‌బీ మిరపకాయల తొడిమలు తీసే కొట్టంలో పనిచేస్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పని. ఆ కొట్టంలో తమరు ఒక్క పూట కూర్చుంటే కళ్లూ ముక్కూ ఏకమవుతాయి. ఆవిడకు దగ్గు పట్టుకొని ఏళ్లయింది. ఈ మధ్య వెన్ను వాలిస్తే ఊపిరాడటం లేదు. గోడకు చేరగిలబడి కూర్చొనే నిద్రపోతుంది. ఊరందరికీ పరుపులు కుట్టేవాణ్ణి, నా ఇంటి పరుపు మీద నా పెళ్లాం పడుకోలేదు. ఇంత బతుకూ బతికి ఇది చూడవలసి వచ్చింది. అటువంటి మనిషి కందూరు నాడు తమవారికి రెండోసారి కూర వడ్డిస్తూ, ఒంట్లో బాగుందనే చెప్పింది.

4. అదే వారంలో తమవారు పెద్దబజారును కూడా కొలిచారు. అక్కడ కందూరు లేదు. కోల్డ్ స్టోరేజీ యజమాని చెంచురామయ్య గారు తీరిగ్గా అరుగు మీద కూర్చొని తనకు బీపీ అని, షుగరని, ఇంట్లో వాళ్లకు థైరాయిడ్ అని, మోకాళ్లలో గుజ్జు అరిగిందని చెప్పారట. గుంటూరు వెళ్లి పరీక్షలు చేయించుకుంటారు కాబట్టి వారికి జబ్బుల పేర్లు తెలుసు. మావాళ్లకు దగ్గును దగ్గనడం వరకే తెలుసు, అది కూడా ఆ రోజు అనలేదు. ఆయన షుగరును నేను కాదనడం లేదు. కూడికలు అయ్యాక తేలినదేమిటయ్యా అంటే, ఊరందరిలోకీ రోగిష్టి వీధి పెద్దబజారు, ఆరోగ్యవంతమైనది దూదేకుల వీధి. ఈ సంగతిని రంగుల పటంగా అచ్చువేసి మండలాఫీసు గోడకు అంటించారు. వారిది ఎరుపు, మాది ఆకుపచ్చ. ఆకుపచ్చ చూసి అలీ సాహెబ్ పొంగిపోయి పదిమందిని వెంటబెట్టుకెళ్లి చూపించుకొచ్చాడు. మా పెద్దమనుషుల మీద కూడా నాకు రోత పుట్టింది, దాచుకోను.

5. ఇక అసలు బాధ. నెలకోసారి వచ్చే డాక్టరు బండి ఇదివరకు మా దర్గా వాకిట్లో ఆగేది. తొడిమల కొట్టం ఆ పక్కనే. బండి వచ్చిందనగానే మా ఆవిడ ఒళ్లో కాయలు దులుపుకొని వెళ్లి పీల్చే మందు తెచ్చుకునేది. పటం వచ్చాక బండిని పెద్దబజారుకు మార్చారు. అది ఊరికి ఆ చివర, ఎగువన. నడిచే ఊపిరి ఉంటే ఆవిడకు మందెందుకు? సైకిలు మీద కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాను. ముందు ఆ వీధివారికి ఇచ్చి, మిగిలితే ఇస్తామన్నారు. పీల్చే మందు మిగల్లేదు. చెంచురామయ్య గారి డ్రైవరు మాత్రం అయ్యగారి మాత్రల సంచీతో మా ముందే వెళ్లిపోయాడు.

6. మండలాఫీసుకు వెళ్లి నోటితో మొరపెట్టుకున్నాను. గుమాస్తా గారు కాగితం మీంచి తలెత్తకుండా, "అడగందే అమ్మయినా పెట్టదు. ఏ లోటూ లేదని మీరే చెప్పారుగా" అన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, మేమన్నామట, వీరు రాశారట. పండుగ రోజున చుట్టం ముందు మాట్లాడే మాటకూ, కొలతకిచ్చే మాటకూ తేడా మావాళ్లకు తెలియలేదు సరే. కొలవడానికి జీతం తీసుకునే వారికి కూడా తెలియకపోతే ఎట్లా?

కావున తమరు దయతో కందూరు నాటి లెక్కలు కొట్టివేయించి, డాక్టరు బండిని తిరిగి దర్గా వాకిట్లో ఆపించవలెను. ఆకుపచ్చ రంగు మాకు వద్దు. కావలసినవారికి ఇచ్చుకోండి.

చిత్తం రాకపోయినా చిత్తగించవలెను.

ఇంతవరకైతే తమ విధేయుడే,
దూదేకుల ఇమాం హుస్సేన్

తా.క.: ఈ అర్జీ మడతపెట్టి కవరు కొనడానికి బయలుదేరుతుంటే లక్ష్మీకాంత్ గారే స్కూటరు దిగారు. నా నోటి మొర మీద విచారణట. నా ప్రాణం లేచొచ్చింది. ఈసారి కందూరు లేదు, పొట్టేలు లేదు, మామూలు గురువారం. మదార్‌బీ పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. టీ పెట్టి ఇచ్చింది. ఆయన గ్లాసు చేతిలో పట్టుకొని, "ఏమ్మా, దగ్గు వస్తోందటగా?" అని అడిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల అడ్డంగా ఊపింది. ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. అయినా దగ్గలేదు. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగింది. నేను చెప్పబోతే, ఆమెనే చెప్పనివ్వండి అని ఆయన నన్ను ఆపారు. ఏదో రాసుకొని వెళ్లిపోయారు.

స్కూటరు సందు మలుపు తిరిగాక ఆవిడ నేల మీద కూలబడి దగ్గింది. వీపు రాస్తూ కూర్చున్నాను. ఊపిరి అందాక, నోరెందుకు మూసుకున్నావే అని కేకలేశాను. "ఇంటికొచ్చిన బిడ్డ టీ తాగతావుంటే మొఖం మీద ఎట్టా దగ్గమంటావయ్యా" అంది.

అయ్యా, ఈసారి మా గడప తొక్కనివారిని, మా ఇంట టీ తాగనివారిని పంపించండి. తొడిమల కొట్టం గోడ అవతల నిలబడి వినమనండి. అందరికంటే ఎక్కువగా దగ్గేది మా ఆవిడే, పేరు అడగనక్కర్లేదు. వచ్చేది ఎప్పుడో మాత్రం మాకు తెలియనివ్వకండి. తెలిస్తే మళ్లీ కుర్చీ తెచ్చి వేస్తుంది.