ఎన్ని సాళ్లు వదలాలి

చిరంజీవి జయరాంకు మీ అమ్మ ఉరుకుందమ్మ ప్రభువు పేరున దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ నాయనా, రెండు మేకలూ బాగున్నాము. చలికి మీ నాయన మోకాలి నొప్పి తిరగబెట్టింది, అంతే. ఆదోని పోయి మాత్రలు తెచ్చుకున్నాడు. మీ బైబిలు బడిలో ఫోన్లు తీసి పెట్టుకున్నారంటే మొదట కోపం వచ్చింది. నీ ఉత్తరం చూశాక పోయింది. ఫోన్లో నువ్వు ఎప్పుడూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

చేను కోసేటప్పుడు అంచున ఓరలు వదలాలి, కోత తరువాత రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలదీ పరదేశులదీ అని వాక్యంలో ఉంది కదా, మన ఊళ్ళో ఎవరైనా అట్లా చేస్తారా అని అడిగావు. ఊరికొక ఉదాహరణ రాసి తెమ్మన్నారట మీ గురువుగారు. మన గుడికి వచ్చేవాళ్ళలో నేనైతే చూడలేదు. భీమక్క చేసేది. నీళ్లు పారే వంక పక్క మూడెకరాల భీమక్క, నీకు తెలుసు. ఆమె మొగుడు ఉన్న రోజుల్లో వేరుశనగ పీకేటప్పుడు వంక వైపు నాలుగు సాళ్లు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "అంతా గీకి తీసుకుంటే భూమికి సిగ్గయితాది లేవే" అంది. నిన్ను చంకనేసుకుని ఆ నాలుగు సాళ్లలో పరిగె ఏరినదాన్ని నేను. ఆమెకు అక్షరం రాదు, మన గుడి గడప తొక్కలేదు. ఆ మాట ఆమెకు ఎట్లా తెలిసిందో మీ గురువుగారిని అడుగు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నందిని చిన్నమ్మ ఎమ్మిగనూరులో మిషను కొనుక్కుని జాకెట్లు కుడుతోంది. నీకూ చొక్కా కుడతానని కొలతలు పంపమంది.

రెండు నెలలుగా అమ్మ ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదని మన గుడి అయ్యగారు రాశారట, ఒంట్లో బాగాలేదా అని అడిగావు. ఒంట్లో బాగుంది. ఇది రాయాలనే కాగితం తీసుకుని ఊళ్ళో సంగతులు రాస్తూ కూర్చున్నాను.

భీమక్క మొగుడు పోయాక కొడుకులు చేను పంచుకుని, గుత్తకిచ్చి, ఆదోని పనులకు పోయారు. ఈ ఏడు ఆ చేను గుత్తకు చేసింది మనమే. మన దిక్కు పద్ధతి నీకు తెలుసు. కాయ పీకాక చేనివాళ్ళు ఒకసారి గుంటక తోలి, పైకి తేలిన కాయ ఏరుకుంటారు. ఆ తరువాత మిగిలింది ఊరిది. మన గుంటక అయిన మరునాడు భీమక్క దిగింది. నేను గట్టు మీద నుంచి కేక వేశాను.

"ఇంకోసారి తోలతాము. అంతవరకు ఎవరూ దిగేది లేదు."

"రెండోసారా? ఏమ్మే ఉరుకుందీ, ఈ చేన్లో నేనెప్పుడన్నా రెండోసారి తోలించినానా?"

"అప్పుడు నీ చేను. ఇప్పుడు మా గుత్త."

అని ఊరుకోలేదు, నాయనా. పోయి ఆమె ఒడి పట్టుకుని దులిపాను. రెండు దోసిళ్ల కాయ రాలింది. ఆమె చేతులు తుడుచుకుని గట్టు వెంబడి పోయింది. మీ నాయన ఎద్దులను నిలబెట్టి చూస్తూ ఉండిపోయాడు. రెండోసారి తోలితే వచ్చిన కాయ ఒక చాట కూడా నిండలేదు.

ఆ తరువాత రెండుసార్లు బల్ల వచ్చింది. చేయి చాపలేకపోయాను. పోయిన ఆదివారం అయ్యగారు, నీమీద ఎవరికన్నా విరోధం ఉంటే కానుక అక్కడే పెట్టి ముందు పోయి సమాధానపడమన్న వాక్యం చదివారు. నన్ను చూసి చదవలేదు. అయినా కానుక సంచి నా వరసకు వచ్చేసరికి లేచి బయటికి పోయాను.

నేరుగా భీమక్క ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కాయలో రాళ్లు ఏరుతోంది.

"ఏమే, మీ పాట ఇంకా ఈడికి ఇనబడతాంది. నిన్నొక్కదాన్నే బయటికి తోలినారా?"

"నేనే వచ్చినాను. తప్పు చేసినానక్కా. క్షమించు."

"అది నాకు సేతకాదు. నా చేన్లోనే నా ఒడి దులిపినావు." ఇంకో రాయి ఏరి పారేసింది. "రేపు హొళగుంద దావలో పరిగెకు పోతాండాను. వస్తావా?"

పోయాను. నాలుగు రోజులుగా పోతున్నాను. మొదటి రోజు నాకు ఎడంగా పోయి ఏరుకుంది. రెండో రోజు తక్కిన ఆడవాళ్ళతో, "గుత్తదారమ్మ పరిగెకొచ్చింది, జరగండే, దావ ఇడవండి" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. క్షమించానని ఇంతవరకు అనలేదు. తాగే నీళ్లు మాత్రం ఒకే సీసాలోవి. దీన్ని సమాధానపడటం అంటారో లేదో నాకు తెలియదు.

నిన్న గట్టు మీద కూర్చుని నీ ఉత్తరంలోని ఆ వాక్యం చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

"ఓర అంటే ఎన్ని సాళ్లంట?"

"అది రాసి లేదక్కా."

"రాసుండాల్సింది. లేకుంటే మీ అట్లాటోళ్లు ఒక్క సాలు ఇడిసి ఇదే ఓర అంటారు. నీ కొడుకును అడుగు."

అందుకే అడుగుతున్నాను. వచ్చే ఏడు కూడా ఆ చేను మనమే చేస్తాము. మీ నాయన రెండు సాళ్లు చాలంటున్నాడు. నేను నాలుగంటున్నాను. గురువుగారిని అడిగి రాయి. ఆయనకు తెలియకపోతే తెలియదనే రాయి, భీమక్కనే వచ్చి కొలవమంటాను.

ఇట్లు,
నీ జవాబు భీమక్కకు చదివి వినిపించాల్సిన
మీ అమ్మ