అన్నకు పంపిన సవరణ

అన్నకు నమస్కారాలు. నువ్వు, అమ్మ, వదిన, బిడ్డ రామన్నపేటలో బాగున్నారని తలుస్తాను. ముంబైలో వానలు ఆగడం లేదు. ఉతికిన బట్టలు మూడో రోజుకూ ఆరవు. కొత్త ఆఫీసులో పని అలవాటైంది. వదిన పంపిన మామిడికాయ తొక్కు మాత్రం పక్కింటివాళ్ళకిచ్చాను. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు.

తలనొప్పి తగ్గక ఇక్కడి దవాఖానకు పోయాను. బీపీ ఎక్కువుంది. "ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా?" అని డాక్టరు అడిగారు. బాపు కిడ్నీలు పాడై పోయిన సంగతి చెప్పాను. స్కానింగులో నా రెండు కిడ్నీల్లోనూ నీటి బుడగలు కనిపించాయి. తండ్రికుంటే పిల్లల్లో ఒక్కొక్కరికి సగానికి సగం వచ్చే అవకాశం ఉందట. నా రక్తపరీక్ష ఇంకా మంచిగానే ఉంది. రక్తనాళాలు మాత్రం వయసుకు మించి గట్టిపడ్డాయి. కిడ్నీ పరీక్షలో తేడా తేలకముందే ఈ జబ్బు రక్తనాళాలను పట్టుకుంటుందట.

బాపును నల్లగొండలో ఎన్ని దవాఖానలు తిప్పామో నీకు తెలుసు. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. ఊరి పేరు వినగానే ఫ్లోరైడ్ నీళ్ళ వల్లేనని తేల్చేశారు. ఊళ్ళో పెట్టిన వైద్య క్యాంపులో నీ బీపీ ఎక్కువొస్తే, "మగ్గం మీంచి లేచొచ్చినవ్, గట్లనే ఉంటది" అని పంపేశారు. మళ్ళీ చూడలేదు. వాళ్ళననడానికి నాకూ హక్కు లేదు. పత్రికలో పనిచేసినప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళ మీద రాసిన వార్తలో బాపు చావును కలిపింది నేనే. ఆయనకు స్కానింగు చేశారా అని కూడా అడగకుండా రాశాను.

మొన్న ఫోన్లో నువ్వన్నది అదే: "నువ్వే రాసినవ్ గద చెల్లె, నీళ్ళని. ఇప్పుడు డబ్బా నీళ్ళే తాగుతున్నం. గింకేం ఫికర్?" వెనక నుంచి వదిన, "జర మెల్లగ మాట్లాడు. బిడ్డకు సంబంధం చూస్తున్నం. ఖాందాన్ జబ్బంటే ఎవడొస్తడు?" అంది. వదిన భయం నాకు తెలుసు. దాచినంత మాత్రాన జబ్బు ఆగదు.

సవరణ వేయమని పాత పత్రికకు రాశాను. "ఇన్నేండ్లకు ఎవలు చదువుతరమ్మా?" అని నవ్వారు. ఆ వార్తను నమ్మి ఒకడు మందు లేకుండా కూర్చున్నాడని వాళ్ళకు తెలియదు. అందుకే నీకే పంపుతున్నాను: బాపుది నీళ్ళ జబ్బని రుజువు లేకుండా రాశాను. అది తప్పు.

ఈ వారమే నల్లగొండ పో. వాళ్ళు అడిగేదాకా ఆగకు. "మా బాపు కిడ్నీతోనే పోయిండు, మా చెల్లెకు బుడగలున్నయ్" అని నువ్వే మొదలు చెప్పు. రక్తపరీక్ష ఒక్కటే చేసి పంపిస్తే లేవకు. కడుపు స్కానింగు అడుగు. బిడ్డ బీపీ కూడా చూపించు. ఇప్పుడే తెలిస్తే మందుతో అదుపులో పెట్టుకోవచ్చు.

అమ్మ కాళ్ళకు దండం, నన్ను దీవించమను. వదిన కోపమొస్తే నన్ను తిట్టమను. నీ బీపీ అంకెలు రెండూ రాసి పంపు. "మంచిగనే ఉంది" అంటే ఒప్పుకోను.

నీ చెల్లె,
సుజాత