పేజీ మధ్యలో తెల్లని చోట్లు

ఫిబ్రవరి 3, సోమవారం

ముప్పై నాలుగో వారం. మంచం దిగొద్దంది క్లినిక్ డాక్టర్. బీపీ ఎక్కువట. ఎడమవైపు తిరిగి పడుకో, ఉప్పు తగ్గించు, దేనికీ బెంగ పెట్టుకోకు అంది. ఇంతకుముందు ఇద్దరు నిలవలేదు. రెండోవాడు నెలలు నిండాక పోయాడు. బెంగ పెట్టుకోకూడదట.

స్కూల్లో నా ఆరో తరగతిని ఎవరికో అప్పగించారు. మా కిసుము ఊళ్లో ఎండ, పైన రేకులు, కింద నేను.

మా ఆయన ఒచోలా సాయంత్రం దుకాణం నుంచి పాత లాప్‌టాప్ తెచ్చాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడి పెళ్లానికి ఆమాత్రం దక్కాలి కదా. బ్రౌజర్‌కి మూడు యాడ్-ఆన్‌లు పెట్టాడు. ఒకటి ప్రకటనలు తీసేస్తుంది. ఒకటి బొమ్మలు ఆపి డేటా మిగులుస్తుంది. ఒకటి కళ్లు నొప్పెట్టకుండా తెర వెలుగు తగ్గిస్తుంది. ఇన్నాళ్లూ చేపల సంతలా ఉండేది, ఇక చూడు, ప్రార్థన జరుగుతున్న చర్చిలా ఉంటుంది అన్నాడు. నిజంగానే ఉంది. ముద్దొచ్చాడు.

ఫిబ్రవరి 6

తెర మారుస్తానని నా ఫోన్ పట్టుకెళ్లాడు. బదులు బటన్ల ఫోన్ ఒకటి ఇచ్చాడు. ఆ తెర పగిలి ఏడాదైంది. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో.

ఫిబ్రవరి 9, ఆదివారం

మన ఊరి పేపర్ సైట్ చూశాను. మొదటి వార్త, సరస్సులో గుర్రపుడెక్క తీసే కొత్త పడవ గురించి. తర్వాత అరచేయంత తెల్లటి చోటు. దాని కింద ఫుట్‌బాల్. మళ్లీ తెల్లటి చోటు. కింద వ్యాఖ్యల్లో ఎవరో రాశారు, పాపం ఆ తల్లులు ఎక్కడికి పోతారు అని.

ఏ తల్లులు?

ఫిబ్రవరి 10

ఒచోలాని అడిగాను. నెట్‌వర్క్ బాగాలేదు, పేజీ సగమే దిగి ఉంటుంది అన్నాడు. సగమే దిగితే అడుగు పోవాలి. మధ్యలో ఎలా పోతుంది? నేను ఆరో తరగతికి చెప్పే పంతులమ్మనే కానీ, ఆరో తరగతి పిల్లని కాదు.

ఫిబ్రవరి 11

కాన్పుకి పేరు రాయించుకున్న మా ఆసుపత్రి పేరు కొట్టి వెతికాను. ఒక్క ఫలితం లేదు. నాలుగంతస్తుల ఆసుపత్రి.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ మధ్య ఫోన్ మోగితే పెరట్లోకి పోతున్నాడు. ఈ రోజు కిటికీ తెరిచే ఉంది. నెరెయా, ఆమెకి ఇంకా చెప్పలేదు, కొంచెం టైమివ్వు అన్నాడు. లోపలికి వచ్చాక ఎవరని అడిగితే కస్టమర్ అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయి ఏడేళ్లు. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. నేర్చుకుంటున్నాడు కాబోలు.

పొట్టతో ఏనుగులా పడి ఉన్నాను. నెరెయా సన్నగా ఉంటుందా?

ఫిబ్రవరి 14

పొద్దున్నుంచి తలనొప్పి. కళ్ల ముందు మెరుపుల్లాంటివి. గర్భిణికి ఇలా ఎందుకు వస్తుందని వెతికాను. పది పేజీలు తెరిస్తే అన్నిట్లోనూ సగం తెలుపే. మిగిలిందల్లా నీళ్లు తాగండి, విశ్రాంతి తీసుకోండి. తాగాను. తీసుకున్నాను. ఆయనకి చెప్పలేదు. ఆయన నాకు చెబుతున్నాడా అన్నీ?

ఫిబ్రవరి 16, ఆదివారం

పక్కింటి పెనినా అక్క జావ తెచ్చింది. టమాటాల గురించి గంటసేపు మాట్లాడింది. ఇంత పొడుగున టమాటాల గురించి ఎవరూ మాట్లాడరు. వెళ్తూ వెళ్తూ నా కాళ్ల వాపు చూసి, ఇలాంటి సమయంలోనే రావాలా అమ్మాయ్ ఈ గొడవ, నువ్వెక్కడికి పోతావో ఏమో అంది. ఏ గొడవ అక్కా అన్నాను. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మీ ఆయన్ని అడుగు తల్లీ, నేనేం అనలేదు అని గిన్నె కూడా తీసుకోకుండా పోయింది.

అంటే వీధికంతా తెలుసు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆయన దుకాణానికి పోగానే లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కనిపించిన ప్రతి బొమ్మా నొక్కాను. పైన మూలన చిన్న బొమ్మ, పిల్లలు అతికించి ఆడుకునే అట్టముక్కలా. అది నొక్కితే యాడ్-ఆన్‌ల జాబితా వచ్చింది. మూడు కాదు, నాలుగున్నాయి. నాలుగోదానికి రబ్బరు ముక్క బొమ్మ. ఇచ్చిన మాటలు ఏ పేజీలో ఉన్నా, ఆ భాగం చెరిపేస్తుందట.

మాటల పట్టీ తెరిచాను. గర్భస్రావం. మృతశిశువు. వాటి కింద సమ్మె. నర్సులు. ప్రసూతి వార్డు. మా ఆసుపత్రి పేరు.

ఆ నాలుగోదాన్ని ఆపేశాను. పేపర్ మళ్లీ తెరిచాను. తెల్లటి చోట్లన్నీ నిండిపోయాయి. నర్సుల సమ్మె మొదలై పందొమ్మిది రోజులు. మా ఆసుపత్రి ప్రసూతి వార్డుకి తాళం.

శుక్రవారం చూసిన పేజీలు కూడా తెరిచాను. తలనొప్పి, మెరుపులు, వాపు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, లేకపోతే... ఆ తర్వాతి మాట ఆయన పట్టీలో రెండోది. దానితో పాటు ఆ హెచ్చరికంతా చెరిగిపోయింది.

అదే రోజు, సాయంత్రం

కేకలు వేయలేదు. లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను.

పట్టీ చూశాడు. బెంగ పెట్టుకోకూడదని డాక్టరే చెప్పింది కదా అన్నాడు. ఉప్పు కూడా తగ్గించమంది, ఉప్పు డబ్బా దాచావా, నేనే మానుకోలేదా అన్నాను. నెరెయా ఎవరని అడిగాను. కొండ మీద మిషన్ ఆసుపత్రిలో మంత్రసానట. అక్కడ సమ్మె లేదట, చోటు అడుగుతున్నాడట. చోటు దొరికాక రెండూ కలిపి చెబుదామనుకున్నాను అకేయో, చెడ్డ కబురు ఒక్కటే ఎలా చెప్పను అన్నాడు.

ఇంకో ఆడమనిషి ఉందేమోనని వారం రోజులు ఏడ్చానని చెప్పాను. నవ్వబోయి మానేశాడు.

మెరుపుల సంగతి అప్పుడు చెప్పాను. ఆయన ముఖం చూడలేకపోయాను. వెంటనే ఆయన ఫోన్ తీసుకుని నెరెయాకి నేనే చేశాను. గొంతు వింటే అరవై ఏళ్లుంటాయి. పది రోజులుగా మీ ఆయనకి చెబుతూనే ఉన్నాను తల్లీ, చోటు సంగతి తర్వాత, ముందు ఒక్కసారి తీసుకొచ్చి చూపించు అని, నీకు తెలిస్తే కంగారు పడతావంటాడు అంది. తలనొప్పి ఉందా అంది. ఉంది. మెరుపులు? ఉన్నాయి. ఎప్పట్నుంచి? శుక్రవారం నుంచి. ఇప్పుడే బయల్దేరు, రేపు కాదు అంది.

పెనినా అక్క తమ్ముడి కారు వస్తోంది. ఇక రాయడం ఆపుతాను.

ఫిబ్రవరి 18

బీపీ 170/110. సూదులు. నెరెయా ఒచోలాని వరండాలోకి పిలిచి తిట్టింది. గోడ ఇవతలికి కూడా వినపడింది. ఆడదాన్ని గాజుబొమ్మలా అల్మరాలో పెట్టుకుంటావా నాయనా, దాని ఒంట్లో ఏం జరుగుతోందో దానికి తెలియొద్దా అంది. తెలియాలి అన్నాడు.

ఫిబ్రవరి 20, గురువారం

బీపీ దిగడం లేదు. రేపు ఆపరేషన్ అన్నారు.

ఒచోలా కుర్చీలోనే నిద్రపోయాడు. ఆయన ఫోన్‌లో ఆపరేషన్ గురించి చదవబోయాను. బ్రౌజర్‌లో అదే రబ్బరు ముక్క. కోపం నెత్తికెక్కింది. పట్టీ తెరిచాను. రెండే మాటలున్నాయి. గర్భస్రావం. మృతశిశువు. సమ్మె లేదు, నర్సులు లేరు.

అది ఆయన ఫోన్. మామూలుగా నేను తెరవనిది; నా కోసం పెట్టింది కాదు.

ఉన్నచోటే పెట్టేశాను. లేపలేదు.

ఫిబ్రవరి 22

అకేయో చేతికి సెలైన్ ఉంది. తను చెబుతోంది, నేను, ఒచోలాని, రాస్తున్నాను. ఒక్క మాట కూడా మింగకుండా రాయమంది.

కూతురు. రెండు కిలోల రెండు వందల గ్రాములు. వాన పడుతుండగా పుట్టింది కాబట్టి అకోత్ అని పేరు. పాలు తాగడం ఇంకా రాలేదు, గొట్టంతో పడుతున్నారు. ఊపిరి బాగుంది. అకేయోకి నిన్న రాత్రి రెండుసార్లు మూర్ఛ వచ్చింది, ఇది నేనే పైకి చెబుతూ రాశాను. ఇక్కడ ఆపి, నీకు ముందే తెలుసా అని నన్నడిగింది. తెలుసన్నాను. పొద్దున్నే ఎందుకు చెప్పలేదంది. ఇప్పుడు చెబుతున్నానన్నాను.

ఆయన్ని ఇంకా క్షమించలేదు.

ఇది కూడా రాయమంది. రాశాను.