గెడ్డం సందులోంచి పోయిన గాలి

గురువారం రాత్రి, తాల్‌బగీచా

ఈ రోజు ఆసుపత్రిలో టెస్టు కుదరలేదు. ముక్కూ నోరూ మూసేలా మాస్కు తగిలించి, కదలని సైకిలు తొక్కించినారు. ఒళ్లు ఎంత ఆక్సిజన్ వాడుకుందో నా ఊపిరిలో కొలిచి, తొక్కడానికి ఎంత శక్తి ఖర్చయిందో మిషను లెక్క కడతాదట. అది చూసి, నన్ను మళ్లీ వర్క్‌షాపులో బరువు పనికి పంపాలో వద్దో డాక్టరు రాస్తాడు.

నంబరు మరీ తక్కువొచ్చింది. టెస్టు చేసే దీదీ మాస్కు అంచు నొక్కి చూసి, "దాదా, మీ గెడ్డం సందులోంచి గాలి పోతోంది. గీసుకుని రేపు రండి" అని హిందీలో చెప్పింది.

"మొక్కు ఉంది దీదీ, తియ్యకూడదు" అన్నాను.

జ్వరం తగ్గినా నాకు ఆయాసం పోలేదని నా ఆడది రవణే మొక్కింది. ఊపిరి బాగుపడితే సింహాచలం తీసుకెళ్లి, నా తలా గెడ్డమూ అప్పన్నకి ఇప్పిస్తానని. అందాకా కత్తి తగలకూడదు.

ఇంటికొచ్చి చెప్తే కోప్పడతాదనుకున్నాను. "ఓస్, అంతేనా! సామికి నాను సెప్పుకుంటాను. పొద్దున్నే గీసీ మావా" అనీసింది.

అప్పట్నుంచీ అద్దంలో గెడ్డమే చూసుకుంటున్నాను. ఇవాళంటే తప్పు గెడ్డం మీదకి తోసీసినాను. నున్నటి మొహంతో కూడా అదే నంబరొస్తే ఏటి చెప్పుకోను?

రేజరు అద్దం కాడ పెట్టి, "బ్లేడు కొత్తదే" అని చెప్పి, రవణ నిశ్చింతగా పడుకుంది.